వంద ఎంబీపీఎస్ ప్లాన్, రాత్రి ఎనిమిదిన్నర క్లాసు

మా ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించి పద్నాలుగు నెలలైంది. మా విజయనగరంలో అయ్యకోనేరు చుట్టుపక్కలవాళ్లు కొత్తగా కనెక్షన్ తీసుకునేముందు నన్నడుగుతున్నారు, "మీది ఎలా ఉంది టీచరుగారూ, స్పీడ్ వస్తోందా?" అని. వస్తోంది. తెల్లవారుజామున అద్దంలా ఉంటుంది. రాత్రి ఎనిమిదిన్నరకి మాత్రం మొన్నటి ఎండాకాలం దాకా నా ప్రాణం తోడేసింది. కంపెనీ పేరు రాయను. మా వీధుల్లో ఎన్నో ఏళ్లుగా కేబుల్ టీవీ నడిపిన ఆయనే ఇప్పుడు నెట్ కూడా ఇస్తున్నారు. మంచీ చెడూ రెండూ రాయబోతున్నాను కాబట్టి పేరు లేకపోతేనే నాకు చెయ్యి ఆడుతుంది.

నేను వీణ నేర్పుతాను. ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలోనే చదువుకున్నాను. 1919లో పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ అది. 2020 లాక్‌డౌన్‌కి ముందు నా శిష్యులంతా చాప మీద ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాళ్లే. ఇప్పుడు పదకొండుమందిలో ఆరుగురు తెర మీద కనిపిస్తారు. నలుగురు అమెరికాలో, ఇద్దరు మస్కట్‌లో. న్యూజెర్సీ పిల్లలకి రాత్రి ఎనిమిదైతే నాకు పొద్దున్న అయిదున్నర. చలికాలంలో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పుడు నాకు ఆరున్నర. మస్కట్ మనకన్నా గంటన్నర వెనక, కాబట్టి సాయంత్రం ఏడింటి వాళ్ల క్లాసు నాకు రాత్రి ఎనిమిదిన్నరకి. నా గొడవంతా ఈ గంటల్లోనే ఉంది.

ప్లాన్ వంద ఎంబీపీఎస్, అంటే సెకనుకి వంద మెగాబిట్లు. నెలకి 699 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 825. పెట్టిన రోజు లైన్‌మన్ కుర్రాడు స్తంభం మీంచి నల్లటి సన్న తీగ కిటికీలోంచి లోపలికి లాగి, ముందు హాల్లో షోకేస్ పక్కన వైఫై డబ్బా బిగించాడు. దానికి మూడడుగుల దూరంలో నిలబడి తన ఫోన్‌లో స్పీడ్‌టెస్ట్ నొక్కాడు. ముల్లు గిర్రున తిరిగి 94 దగ్గర ఆగింది. "సూడండి మేడమ్, తొంభైనాలుగు. వందకి వందా రాదు, ఇదే ఫుల్లు" అన్నాడు. మావారు తల ఊపారు. నేనూ ఊపాను. ఆ అంకె తప్పు కాదని ఇప్పటికీ ఒప్పుకుంటాను. కాకపోతే అది పొద్దున్న పదకొండింటి అంకె, హాల్లో అంకె, వాడి ఫోన్ అంకె. నా వీణ ఉండేది పెరటి వైపు గదిలో.

మొదటి వారమే మస్కట్ అమ్మాయికి తోడి రాగం మొదలుపెట్టాను. తోడిలో గాంధారం ఎలాంటిదో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ స్వరం ఊపులోనే ఉంటుంది. తీగని లాగి వదిలే ఆ ఒక్క క్షణం వినబడకపోతే పిల్లకి ఏమీ అందనట్టే. నేను నాలుగుసార్లు వాయించాను. నాలుగోసారికి ఆ పిల్ల నెమ్మదిగా అంది, "టీచర్, మీ గాంధారం రోబోలా వస్తోంది." తర్వాత నా బొమ్మ ఆగిపోయిందట. చెయ్యి గాల్లో, నోరు సగం తెరిచి. వాళ్లమ్మ ఆ బొమ్మని ఫొటో తీసి నాకే పంపింది, సరదాకే. నాకు సరదాగా లేదు.

ఫోన్ చేస్తే కుర్రాడు మర్నాడే వచ్చాడు. ఇది వాళ్ల ఖాతాలో మంచి మార్కు, రావడానికి ఎప్పుడూ బద్ధకించలేదు. వచ్చి మళ్లీ హాల్లో నిలబడి నొక్కాడు. మళ్లీ 94.

"ఏటండి మేడమ్, సక్కగా వొస్తంది కదేటి!"

"రాత్రి రావట్లేదు బాబూ."

"రాత్రి మీరు వాడుతున్నారు కదండి. ఇప్పుడు వొస్తంది కదా."

ఇలా మూడుసార్లు అయింది. మూడుసార్లూ పగలే వచ్చాడు, మూడుసార్లూ తొంభైల్లోనే వచ్చింది. నేను అబద్ధం చెబుతున్నానేమో అన్నట్టు చూసేవాడు పాపం. వాడిని ఏమనగలను? జ్వరం రాత్రి వస్తే, డాక్టరు పొద్దున్న థర్మామీటరు పెట్టినట్టుంది మా వ్యవహారం.

దసరాకి వైజాగ్ నుంచి మా మేనల్లుడు వచ్చాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడి ముందు ఏడుపు మొదలుపెడితే, "అత్తా, స్పీడ్‌టెస్ట్‌లో నాలుగు అంకెలుంటాయి, నువ్వు ఒక్కటే చూస్తున్నావు" అన్నాడు. డౌన్‌లోడ్ అంటే మనకి వచ్చేది, అప్‌లోడ్ అంటే మన దగ్గర్నుంచి వెళ్లేది. నేను వాయించేది ఆ పిల్లకి చేరాలంటే నాకు కావలసింది అప్‌లోడ్. పింగ్ అంటే మనం పంపిన చిన్న పలకరింపు అవతలి సర్వర్‌కి, అంటే అక్కడి కంప్యూటర్‌కి, వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, సెకనులో వెయ్యో వంతుల్లో. ఇక జిట్టర్ అంటే ఆ సమయం ఒక్కోసారి ఒక్కోలా ఉండటం. ఈ చివరిదాన్ని వాడు గ్రాఫులతో చెప్పబోతుంటే ఆపాను. కాలప్రమాణం నిలవకపోవడం అని చెప్పరా, అర్థమైపోతుంది. నెమ్మదిగా విళంబంలో వాయించినా పరవాలేదు, వేగంగా ద్రుతంలో వాయించినా పరవాలేదు. మధ్యలో లయ జారితే ఎవరూ వినలేరు. పింగ్ 60 వచ్చి అక్కడే నిలబడితే మా క్లాసు హాయిగా నడుస్తుంది. 20 నుంచి 150కీ 150 నుంచి 40కీ గెంతుతుంటే వచ్చేది ఆ రోబో గాంధారమే.

వాడు వెళ్లేముందు ఇంకో ముడి కూడా విప్పాడు. వంద స్పీడ్ అని కడుతున్నాం కదా, మరి ఏదైనా డౌన్‌లోడ్ పెడితే పదకొండో పన్నెండో చూపిస్తుందేమిటని మావారు ఎప్పట్నుంచో అనుమానపడుతున్నారు, మోసం జరుగుతోందని. మోసం కాదు. ప్లాన్‌లో చెప్పేది సెకనుకి ఎన్ని మెగాబిట్లు అని, కంప్యూటర్ చూపించేది ఎన్ని మెగాబైట్లు అని. ఆది తాళంలో ఎనిమిది క్రియలకి ఒక ఆవర్తనం అయినట్టు, ఎనిమిది బిట్లకి ఒక బైటు. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. మావారు కాగితం మీద లెక్క వేసుకుని గాని నమ్మలేదు.

అప్పట్నుంచి నొటేషన్ పుస్తకం చివరి పేజీల్లో రాసుకోవడం మొదలుపెట్టాను. తేదీ, వేళ, ఏ గది, వైఫైనా తీగా, తర్వాత నాలుగు అంకెలు. రోజుకి మూడుసార్లు: అయిదున్నరకి, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదిన్నరకి. అలా రాస్తూ పోగా, ఒక జబ్బు అనుకున్నది నాలుగు జబ్బులుగా తేలింది. అందులో రెండు మా ఇంట్లోవే.

మొదటిది గోడలు. మాది పాత ఇల్లు, సున్నంతో కట్టిన మూరెడు మందం గోడలు. డబ్బా హాల్లో, నేను రెండు గోడల అవతల. హాల్లో 94 ఉన్నప్పుడే నా గదిలో 17 వస్తోంది. వైఫై పేర్లు మా ఇంట్లో రెండు కనిపిస్తాయి, ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. అది ఫోన్‌లో వచ్చే 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ అని. వేగం ఎక్కువే గాని గోడ దాటలేదు. రెండోది 2.4, అది గోడ దాటుతుంది గాని ఆ దారిలో రద్దీ ఎక్కువ. నా గదిలో కూర్చుని ఫోన్‌లో వెతికితే పక్కిళ్లవి పద్నాలుగు వైఫైలు కనిపించాయి. ఆ 2.4లో ఒకదానితో ఒకటి రాసుకోకుండా నడిచే చానళ్లు 1, 6, 11 మూడే. మూడు దారుల్లో పద్నాలుగు బళ్లు. మా డబ్బా తనంతట తను ఆరులో కూర్చుంది, పక్కింటివాళ్లందరిదీ ఆరే.

దీనికి వైఫైని బాగుచేద్దామని పెద్దగా ప్రయత్నించలేదు. గంటస్తంభం దగ్గర కొట్టులో ఇరవై మీటర్ల లాన్ తీగ కొన్నాను, మీటరు పాతిక చొప్పున అయిదొందలు. వెంటిలేటర్లోంచి హాలు దాటించి, గోడ వారగా నా గదిలోకి తెచ్చి, లాప్‌టాప్‌కి గుచ్చించాను. కేబుల్ కుర్రాళ్లే వచ్చి రెండు చివరలా జాక్ వేసిచ్చారు. నా గదిలో 17 ఉన్నది ఆ పూటే 94 అయింది. ఈ పద్నాలుగు నెలల్లో పెట్టిన ఖర్చుల్లో ఇంత ఫలితం ఇచ్చింది ఇంకోటి లేదు.

రెండో జబ్బు రాయడానికి మావారి అనుమతి తీసుకున్నాను. తీగ వేసినా కొన్ని రాత్రులు అప్‌లోడ్ 90 ఉండాల్సింది 14కి పడిపోయేది. కొన్ని రాత్రులు బాగానే ఉండేది. ఇదేం లెక్క అని చూస్తే, ఆయన ఫోన్ చార్జింగ్‌కి పెట్టిన రాత్రులే పడిపోతోంది. మా ఆడపడుచు కూతురి పెళ్లి వీడియోలు, ఫొటోలు కలిపి నలభై జీబీ ఆ ఫోన్లో ఉన్నాయి. చార్జింగ్‌లో పెట్టి వైఫై తగలగానే ఆ ఫోన్ వాటిని మేఘాల్లోకి, అదే ఇంటర్నెట్‌లోని క్లౌడ్ నిల్వలోకి, ఎక్కించడం మొదలుపెడుతుంది. నలభై జీబీ అంటే మూడొందల ఇరవై గిగాబిట్లు. సెకనుకి ఇరవై మెగాబిట్ల చొప్పున ఎక్కినా నాలుగున్నర గంటలు. ఆ నాలుగున్నర గంటలూ నా తోడి ఆ పెళ్లి ఊరేగింపు వెనకాల నిలబడాల్సిందే. పూర్తిగా ఆగదు, వెళ్తుంది, కాని వరసలో ఆలస్యంగా వెళ్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు 9 ఉన్న పింగ్, ఆయన ఫోన్ ఎక్కిస్తున్నప్పుడు 340 చూపించింది. ఇప్పుడు ఆ పని రాత్రి పదకొండు దాటాక చేసుకోమని చెప్పాను. ఒప్పుకున్నారు, ముఖం మాడ్చుకుని.

ఇక్కడ టెస్ట్ యాప్‌ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ 340 స్పీడ్‌టెస్ట్‌లో పైకి కొట్టొచ్చినట్టు కనిపించలేదు. ఫాస్ట్ డాట్ కామ్‌లో దొరికింది. అది నెట్‌ఫ్లిక్స్ వాళ్లది, తెరవగానే ఒకే ఒక పెద్ద అంకె కనిపిస్తుంది, అందుకని మొదట తీసిపారేశాను. దాని కింద ఇంకా వివరాలు చూపించమనే చిన్న మీట ఉంది. అది నొక్కితే అప్‌లోడ్‌తో బాటు, లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఆలస్యం ఎంత, లోడ్ పడ్డప్పుడు ఎంత అని రెండూ విడిగా చూపిస్తుంది. క్లాసులు చెప్పుకునేవాళ్లు, ఆఫీసు కాల్స్‌లో కూర్చునేవాళ్లు ఆ రెండో అంకె చూడాలి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల టెస్టు కూడా జిట్టర్‌నీ, దారిలో తప్పిపోయిన డేటా ముక్కల్నీ (ప్యాకెట్లనీ) విడమరిచి చూపిస్తుంది, కాని దాన్ని చదవడానికి ఓపిక కావాలి.

స్పీడ్‌టెస్ట్‌తో వచ్చిన చిక్కు ఇంకోటి. దగ్గర్లో ఉన్న, త్వరగా పలికే సర్వర్‌ని అది తనే ఎంచుకుంటుంది. నాకు ఎప్పుడూ విశాఖపట్నమే వచ్చేది. మా ఇంటికీ వైజాగ్‌కీ మధ్య ఉన్నది అరవై కిలోమీటర్లు, ఆ ముక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది. నా పిల్లలు వైజాగ్‌లో లేరే! సర్వర్ పేరు మీద నొక్కితే మార్చుకోవచ్చని మేనల్లుడు చూపించాడు. మస్కట్ అని కొట్టి ఎంచుకున్నాను. పొద్దున్న పింగ్ 62, జిట్టర్ 2. అదే రాత్రి ఎనిమిదిన్నరకి 180, జిట్టర్ 41. విశాఖపట్నం పెడితే ఆ రాత్రే 11. కుర్రాడూ నేనూ ఇన్నాళ్లూ ఒకే లైన్ గురించి రెండు వేర్వేరు నిజాలు చెప్పుకున్నాం.

న్యూజెర్సీ సంగతి కూడా ఈ దెబ్బతో తేలిపోయింది. అక్కడి సర్వర్‌కి పొద్దున్న ఎంత బాగున్నా పింగ్ 260 తగ్గదు. తగ్గించమని కేబుల్ ఆయన్ని అడగడం అన్యాయం. ఫైబర్ అంటే గాజు తీగ, అందులో పోయేది కాంతి. ఆ కాంతి సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కణ్నుంచి అక్కడికి తిన్నగా గీత గీసినా దాదాపు పదమూడు వేల కిలోమీటర్లు, రానూ పోనూ ఇరవై ఆరు వేలు. అంటే ఏ కంపెనీ ఏ ప్లాన్ ఇచ్చినా 130 మిల్లీసెకన్లు ప్రకృతే పట్టుకుంటుంది. సముద్రం కింద తీగలు తిన్నగా కూడా పోవు. ఇద్దరు కలిసి వాయించాలంటే మధ్య ఆలస్యం ముప్ఫై మిల్లీసెకన్లు దాటకూడదు, దాటితే ఒకరికోసం ఒకరు ఆగుతూ కాలం దిగజారిపోతుంది. అందుకే నెట్‌లో జంటగా వాయించడం అనే ఆశ వదులుకున్నాను. నేను వాయిస్తాను, ఆగుతాను, వాళ్లు వాయిస్తారు. చాప మీద పాఠం కూడా మొదట్లో ఇలాగే ఉంటుంది కదా.

ఇంకో తప్పు కూడా నెట్ మీద వేశాను, అది ఇక్కడే ఒప్పుకుంటాను. వీణ నాదం చివర సన్నగా నిలబడి కరిగిపోతుంది, అది అవతల కోసేసినట్టు ఆగిపోతోందని గోల చేశాను. అది లైన్ తప్పు కాదు. వీడియో కాల్ యాప్‌లు మాట తప్ప ఇంకేది వినబడినా ఫ్యాన్ చప్పుడనుకుని తుడిచేస్తాయి. బొబ్బిలి గొల్లపల్లిలో ఒకే పనస దుంగలో చెక్కిన నా వీణ కూడా వాటి దృష్టిలో ఫ్యాన్ చప్పుడే! జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అని ఉంటుంది, వాయిద్యాలవాళ్ల కోసమే పెట్టారు. అది ఆన్ చేశాక నాదం నిలిచింది.

ఇక మిగిలిన రెండు జబ్బులు వాళ్ల లైన్‌వి. మాఘమాసంలో ఒక రోజు పొద్దున్న నుంచి డబ్బా మీద ఎర్ర లైటు మినుకు మినుకుమంది. కుర్రాడు తీగలో వచ్చే వెలుతురుని కొలిచే, అరచేతిలో పట్టే మీటరు తెచ్చి తీగ చివర పెట్టి చూస్తే మైనస్ 28.6. ఈ డబ్బాలకి మైనస్ 27 దాటితే చూపు ఆనదు. మైనస్ కాబట్టి అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. సంక్రాంతికి ఇల్లు కడిగినప్పుడు షోకేస్ జరిపాం, దాని కాలు తీగ మీద పడి నొక్కుకుపోయింది. రాగి తీగ వంగితే ఏమీ కాదు, గాజు తీగ వంగితే వెలుతురు పక్కకి కారిపోతుంది.

అది అతికించడం మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. నల్ల తొడుగు ఒలిచాడు, లోపల తెల్ల తొడుగు ఒలిచాడు, ఆఖరికి ఏదో ఉన్నట్టూ లేనట్టూ ఒక పోగు మిగిలింది. స్పిరిట్ దూదితో తుడిస్తే కీచుమంది. చిన్న కత్తెర పెట్టెలో పెట్టి టక్కుమనిపించాడు. తెగిన ముక్కని జాగ్రత్తగా టేపుకి అంటించి జేబులో వేసుకున్నాడు, "కాల్లో గుచ్చుకుంటే కనబడదండి మేడమ్" అంటూ. తర్వాత రెండు చివరలూ ఎదురెదురుగా ఒక మిషన్‌లో పెట్టి మూత వేశాడు. దాని బుల్లి తెర మీద ఆ రెండు పోగులు తాటి దూలాలంత లావుగా కనిపించాయి. వాటంతట అవే కొంచెం పైకి, కొంచెం కిందకి సర్దుకుంటూ దగ్గరకొచ్చాయి. ఒక్క నిప్పురవ్వ. మధ్యలో గీత మాయమైంది. నేను బిరడాలు బిగించి శ్రుతి కలిపేటప్పుడు రెండు స్వరాలు ఒకటయ్యే క్షణం ఒకటుంటుంది, సరిగ్గా అలా. మీటరు మైనస్ 21.4 చూపించింది. కాఫీ ఇచ్చాను. ఈ పనికి డబ్బు తీసుకోలేదు.

రాత్రి జబ్బు మాత్రం తగ్గలేదు. నొటేషన్ పుస్తకం పట్టుకుని వాళ్ల ఆఫీసుకే వెళ్లాను. ఓనరుగారు పుస్తకం చూడకుండానే, "రెండొందల ప్లాన్‌కి మారిపోండమ్మా, సమస్యే ఉండదు" అన్నారు. 999, జీఎస్టీ వేరు. సరే, ఆ సరదా కూడా తీర్చుకుందామని ఒక నెల కట్టాను. లాప్‌టాప్‌లో నొక్కితే మళ్లీ అదే 94! రెండొందల ప్లాన్‌లో కూడా అదే. ఈసారి మేనల్లుడు వీడియో కాల్‌లో జాక్‌ని కెమెరా దగ్గర పెట్టమన్నాడు. లాన్ తీగలో ఎనిమిది పోగులుంటాయి. వాళ్లు నాలుగే ఎక్కించారు, మిగతా నాలుగు కత్తిరించి వదిలేశారు. నాలుగు పోగులతో వంద దాకా నడుస్తుంది, దాని పైన నడవాలంటే ఎనిమిదీ కావాలి. వీణకి తాళం తీగలు మూడూ పీకేసి, వాయించే నాలుగు ఉన్నాయి కదా అన్నట్టుంది. మళ్లీ జాక్ వేయించాక 190 వచ్చింది. రాత్రి మస్కట్ జిట్టర్ మాత్రం 38. అంటే నేను మూడొందల యాభై రూపాయల పైచిలుకు ఎక్కువ కడుతున్నది మా గుమ్మం వెడల్పు కోసం, ఇరుకున్నది వీధి చివర. నెల తిరగ్గానే వందకి దిగిపోయాను. వీడియో క్లాసుకి రెండు మూడు ఎంబీపీఎస్ చాలు. ప్రభుత్వం 2023లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి పెట్టిన కనీస వేగం కూడా 2 ఎంబీపీఎస్సే, అంతకుముందు అర ఎంబీపీఎస్.

రెండోసారి ఆఫీసుకి వెళ్లినప్పుడు పుస్తకం విప్పి ఆయన ముందు పెట్టాను. నెలల తరబడి రాసిన అంకెలు, పొద్దున్నవి నీలం ఇంకు, రాత్రివి ఎరుపు. ఫిర్యాదు నమోదైనట్టు డాకెట్ నంబరు ఇమ్మన్నాను, తేలకపోతే అప్పీలుకి వెళ్తానని కూడా అన్నాను. ఫోన్, నెట్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లో ఫిర్యాదు, దాని పైన అప్పీలు అని రెండు మెట్లున్నాయి. నంబరు ఇమ్మనేసరికి ఆయన గొంతు మారింది. కోపంగా కాదు, కొంచెం తగ్గి. పుస్తకం రెండు పేజీలు తిప్పి, "మీరు స్వరాలు రాసినట్టే రాశారే" అన్నారు. అప్పుడు చెప్పారు అసలు సంగతి. ఆయన పైనుంచి టోకున కొనే బ్యాండ్‌విడ్త్ అంతా రాత్రి ఎనిమిది నుంచి పదిన్నర దాకా నిండిపోతోంది. కనెక్షన్లు పెరిగాయి, టోకు పెరగలేదు. పైగా ఒక్కో గాజు తీగనీ చీల్చి ముప్ఫై రెండు ఇళ్లకో అరవై నాలుగు ఇళ్లకో పంచుతారు. అందరూ ఒకేసారి వాడరన్నదే వ్యాపారం. ఐపీఎల్ రోజుల్లో అందరూ ఒకేసారే వాడతారు.

మే నెలలో టోకు పెంచారు. అది చెప్పి చేశారు, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి మరీ. ఆ తర్వాత నా పుస్తకంలో ఎర్ర ఇంకు అంకెలు: మస్కట్‌కి 70, జిట్టర్ 6, 7, 5, ఒక ఆదివారం 19, మళ్లీ 6. డౌన్‌లోడ్ 83. అదేమైతే నాకేం.

మెచ్చుకోవాల్సినవి కూడా ఉన్నాయి. మా ఊరి పైడితల్లి జాతరలో సిరిమాను రోజు గుడి నుంచి కోట దాకా జనం ఇసకేస్తే రాలనట్టుంటే, అందరి చేతుల్లో ఫోన్లు, ఎవరి ఫోన్లోనూ నెట్ కదల్లేదు. మా ఇంట్లో ఈ ఫైబర్ మాత్రం నిక్షేపంగా నడిచింది, టీవీలో లైవ్ ఆగకుండా చూశాం, న్యూజెర్సీ పిల్లల్లో ఒకరి అమ్మమ్మ మా ఇంటికొచ్చి చూసింది. కరెంటు పోయినా నెట్ పోదు. మధ్యలో తీగని చీల్చే డబ్బాకి కరెంటే అక్కర్లేదు, వాళ్ల ఆఫీసులో ఇన్వర్టర్ ఉంది, మనం డబ్బాకి పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకుంటే చాలు. నేను పెట్టుకున్నాను. చీకట్లో, ఫోన్ లైటు వెలుగులో రెండు క్లాసులు చెప్పాను.

నచ్చనివి: రసీదు అడిగితే గాని ఇవ్వరు. అడిగినా ఆ రోజు ఇవ్వరు. రెండొందల నెలలో వచ్చిన బిల్లు సరిచేయించడానికి మూడు ఫోన్లు పట్టింది. కుర్రాళ్లకి స్పీడ్‌టెస్ట్‌లో మొదటి అంకె తప్ప ఇంకేదీ చూడటం ఎవరూ నేర్పలేదు. మా కుర్రాడికి నేను నేర్పాను. ఇప్పుడు వాడు పక్కిళ్లకి వెళ్లి, "జిట్టరు ఎంతొస్తందో సూసుకోండి, అదీ ముక్కెం" అంటున్నాడట.

మీరు తీసుకోవాలనుకుంటే, మీకు పని ఉన్న వేళకి, మీరు కూర్చునే గదిలో, ఇంట్లో అందరూ ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుని ఉండగా నొక్కి చూడమనండి. వాళ్లు పగలే వస్తామంటే రాత్రి మా ఇంటికి రండి, నా లాప్‌టాప్‌లో చూపిస్తాను. ఎనిమిదిన్నర లోపు రండి.

గూగుల్‌లో అయిదు స్టార్లు ఇమ్మని కుర్రాడు అడిగాడు, మూడిచ్చాను. మొన్న రీచార్జ్‌కి వెళ్తే ఓనరుగారు ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం అన్నారు. మూడు నెలలకే కట్టి, రసీదు తీసుకుని వచ్చాను.